నేను నేనులా లేను, లోకం నిజంలా లేదు: ఈ స్థితి నుంచి బయటపడటానికి ఏది ముందు, ఏది తర్వాత

"ఇది నా చెయ్యే అని తెలుసు, కానీ నాదిలా అనిపించట్లేదు." "అందరూ ఎదురుగానే ఉన్నారు, మధ్యలో గాజు తలుపు వేసినట్టుంది." "నా గొంతు నాకే ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోంది, నాకు పిచ్చి పడుతోందా?" రకరకాల మాటల్లో నన్ను ఇవే అడుగుతూ ఉన్నారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒక వరసలో రాసి పెడితే పనికొస్తుందని కూర్చున్నాను.

నేను డాక్టర్‌ని కాదు. దాదాపు ఏడాదిన్నర పాటు దీనితోనే నిద్ర లేచి, దీనితోనే పడుకుని, చికిత్స తీసుకుని బయటపడ్డ మనిషిని. కాబట్టి ఇది చదివి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేయకండి. వెళ్లే ముందు, వెళ్లొచ్చాక మీ చేతిలో ఉన్న పని ఏంటో తెలియడానికే ఇదంతా.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇది పోయాక మళ్లీ మామూలుగా బతుకుదాం అని ఎదురుచూస్తూ కూర్చుంటే ఇది పోదు. ఇది ఉండగానే మామూలు పనులు మొదలుపెట్టాలి, పోయిందా లేదా అని గంటగంటకీ చూసుకోవడం మానాలి. చెప్పినంత తేలిక కాదు, అందుకే ఒక పద్ధతి కావాలి.

1. మీకున్నది ఇదేనా?

వైద్యంలో దీనికి రెండు పేర్లు. మీ నుంచి మీరే విడిపోయినట్టు ఉంటే డీపర్సనలైజేషన్. చుట్టూ ఉన్న లోకం కలలాగా, వేసిన సెట్టింగులాగా ఉంటే డీరియలైజేషన్. చాలామందికి రెండూ కలిసే వస్తాయి, అందుకే డాక్టర్లు వాడే జబ్బుల జాబితాలైన డీఎస్ఎం-5 (అమెరికాది) లోనూ ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థది) లోనూ రెండింటినీ కలిపి ఒకే సమస్యగా పెట్టారు.

కింది వాటిలో మీకు తగిలేవి గుర్తుపెట్టుకోండి:

- శరీరం, గొంతు, ఆలోచనలు మీవి కానట్టు, పక్కన నిలబడి మిమ్మల్ని మీరే చూస్తున్నట్టు ఉంటుంది
- మాట్లాడుతున్నారు, నడుస్తున్నారు, కానీ అదంతా దానంతటదే జరిగిపోతున్నట్టు ఉంటుంది
- మనుషులు, వస్తువులు పొగమంచు వెనక ఉన్నట్టు, లేదా బొమ్మ గీసినట్టు చదునుగా కనిపిస్తాయి
- తెలిసిన చోటే కొత్తగా ఉంటుంది, దగ్గరివి దూరంగా అనిపిస్తాయి
- కాలం మరీ నెమ్మదిగానో మరీ వేగంగానో నడుస్తుంది, నిన్న జరిగింది ఎప్పుడో జరిగినట్టు ఉంటుంది
- సంతోషం రాదు, ఏడుపూ రాదు

ఇప్పుడు అసలైన పరీక్ష. మీ అనుభవం మీరే ఒక కాగితం మీద రాసి చూడండి. ప్రతి వాక్యంలో "లాగా", "ఉన్నట్టు", "అనిపిస్తోంది" ఉన్నాయా? "నేను మరబొమ్మలా అనిపిస్తున్నాను" అన్నారా, "నేను మరబొమ్మని" అన్నారా? మొదటిది అన్నారంటే నిజం ఏంటో మీకు తెలుసు, దాన్ని అనుభూతి చెందడమే ఆగిపోయింది. సైకోసిస్‌లో, అంటే నిజానికీ భ్రమకీ తేడా తెలియని మానసిక జబ్బులో, ఆ "లాగా" ఉండదు, మనిషి దాన్ని నిజమని నమ్ముతాడు. పిచ్చి పడుతోందేమో అని భయపడుతున్నవాళ్లు ఈ ఒక్క తేడాని గట్టిగా పట్టుకోండి. నాకు డాక్టర్ చెప్పినవాటిలో అన్నిటికంటే ఎక్కువ ఊరట ఇచ్చిన మాట ఇదే.

ఇంకోటి, ఇది అరుదైనది కాదు. పెద్దవాళ్లలో దాదాపు సగంమందికి జీవితంలో ఒక్కసారైనా, కాసేపైనా ఇలా అనిపిస్తుంది. నిద్ర లేని రాత్రి తర్వాత, ప్రమాదం తప్పిన క్షణంలో, దగ్గరివాళ్లు పోయిన రోజున. నెలల తరబడి ఉండిపోయి రోజువారీ జీవితాన్ని దెబ్బతీసే స్థాయి నూటికి ఒకరిద్దరిలో కనిపిస్తుంది. సగటున 16 ఏళ్ల వయసులో మొదలవుతుంది, 25 దాటాక మొదటిసారి రావడం తక్కువ.

2. ఏవి ఉంటే ఆలస్యం చేయకూడదు

ఈ భాగం దాటేయకండి. ఇదే అనుభూతి వేరే జబ్బుల్లో కూడా వస్తుంది, వాటి దారి వేరు.

వెంటనే, అంటే ఇవాళే, సాయం తీసుకోవాల్సినవి:

- చచ్చిపోవాలని, మిమ్మల్ని మీరు గాయపరుచుకోవాలని ఆలోచనలు వస్తున్నాయి (మీ ప్రాంతంలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి గానీ, ఎమర్జెన్సీకి గానీ ఫోన్ చేయండి, ఒంటరిగా ఉండకండి)
- ఎవరూ లేకుండా మాటలు వినిపిస్తున్నాయి, లేదా "లాగా" పోయి నిజంగానే నమ్ముతున్నారు
- తలకి దెబ్బ తగిలాక మొదలైంది
- స్పృహ తప్పుతోంది, ఒక పక్క బలహీనత, మాట తడబాటు, అయోమయం ఉన్నాయి

కొద్ది రోజుల్లో డాక్టర్‌కి చూపించాల్సినవి: 40 దాటాక మొదటిసారి రావడం, ప్రతిసారీ అచ్చం ఒకేలా మొదలై నిమిషంలో ఆగిపోవడం, ముందు విచిత్రమైన వాసన రావడం, మధ్యలో కొంతసేపు ఏం జరిగిందో గుర్తు లేకపోవడం. ఇవి మూర్ఛ జబ్బులో ఒక రకానికి గుర్తులు కావచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్లకీ, లోపలి చెవి సమస్యతో కళ్లు తిరిగేవాళ్లకీ కూడా లోకం తేలిపోతున్నట్టు ఉంటుంది, అది కూడా చెప్పండి.

వీటి కోసం డాక్టర్ రాసే పరీక్షలు ఒకసారి చేయించుకుంటే చాలు. రిపోర్టు మామూలుగా వచ్చాక నమ్మకం కుదరక నాలుగు చోట్ల మళ్లీ మళ్లీ చేయించుకోవడం వేరే సంగతి, దాని గురించి 6లో చెప్తాను.

3. లోపల ఏం జరుగుతోంది

ఇంట్లో ఒక్కసారిగా లోడ్ ఎక్కువైతే కరెంటు బోర్డులో ఎంసీబీ మీట పడిపోతుంది కదా. ఇల్లు చీకటైపోతుంది, కానీ వైర్లు కాలిపోలేదు. కాలిపోకూడదనే అది పడింది. ఇదీ అలాంటిదే. భయం, టెన్షన్, దుఃఖం మోయలేనంత అయినప్పుడు మెదడు భావాల తీవ్రతని తగ్గించేస్తుంది. ఆలోచించే భాగం భావాల భాగాన్ని అణచి పెడుతుందనీ, శరీరం లోపలి సంగతులు మనకి తెలియజేసే ఇన్సులా అనే భాగం మందగిస్తుందనీ పరిశోధకులు చెప్పే వివరణ. కళ్లు చూస్తూనే ఉంటాయి, చెవులు వింటూనే ఉంటాయి, కానీ చూసినదానికీ విన్నదానికీ "ఇది నాది" అనే రుచి తగలదు.

మీట పడటం వరకూ అర్థమైంది. మరి లోడ్ తగ్గాక కూడా ఎందుకు లేవట్లేదు?

ఎందుకంటే ఇప్పుడు ఆ చీకటే కొత్త భయమైంది. వింతగా అనిపించింది, "నాకేదో అయిపోతోంది" అనుకున్నాం, గుండె దడ పెరిగింది, ఊపిరి వేగమైంది, దాంతో వింత ఇంకా పెరిగింది. ఊపిరి వేగంగా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి మెదడుకి వెళ్లే రక్తనాళాలు కుంచించుకుంటాయి, తల తేలికై లోకం నిజం కానట్టు అనిపించడానికి అదొక్కటే చాలు. ఆ తర్వాత రోజంతా మనల్ని మనమే కాపలా కాస్తాం. మీట మళ్లీ లేవకుండా పట్టుకుని ఉన్నది చాలాసార్లు ఈ కాపలానే. చేయాల్సిన పనులన్నీ దీన్నుంచే వస్తాయి.

4. తయారీ: వారం రోజుల నోట్‌బుక్

ఏ ప్రయోగమూ మొదలుపెట్టకముందు ఏడు రోజులు రాయండి. ఫోన్‌లో కాదు, చిన్న పుస్తకంలో. ఫోన్ తీస్తే చేతులు ఊరుకోవు, వెతకడం మొదలవుతుంది.

రోజుకి రెండుసార్లు మాత్రమే, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది:

"మంగళవారం. రాత్రి నిద్ర నాలుగున్నర గంటలు. పొద్దున ఏమీ తినలేదు, కాఫీ మూడు. 11 గంటలకి మీటింగ్‌లో మొదలైంది, 10కి 7. అందరి పెదాలు కదులుతున్నాయి, మాటలు ఆలస్యంగా అందుతున్నట్టు ఉంది. ఏం చేశాను: బయటికి వెళ్లి అద్దం చూసుకున్నాను, తర్వాత 8 అయింది. సాయంత్రం మెట్లమీద పక్కింటి పిల్లాడి సైకిల్ చైన్ ఎక్కించాను, చేతులకి గ్రీజు. ఆ పావుగంట దీని సంగతే గుర్తు లేదు."

ఆ చివరి వాక్యం చూడండి. "రోజంతా ఒకేలా ఉంది, ఒక్క క్షణం కూడా తగ్గదు" అని నేను డాక్టర్‌తో ప్రమాణం చేసి చెప్పాను. పుస్తకం వేరే చెప్పింది. మీకూ ఇలాంటి పావుగంటలు ఉంటాయి, వాటిని వెతకండి.

రాయాల్సినవి:

- నిద్ర ఎన్ని గంటలు
- భోజనం వేళకి అయిందా, కాఫీ, టీ ఎన్నిసార్లు
- మద్యం, గంజాయి, ఇంకేవైనా మత్తు పదార్థాలు (దాచకండి, ఇది మీ పుస్తకం)
- ఎప్పుడు పెరిగింది, అప్పుడు ఎక్కడున్నారు, ఏ ఆలోచన వచ్చింది, తీవ్రత 10కి ఎంత
- అప్పుడు ఏం చేశారు, దానివల్ల పెరిగిందా తగ్గిందా
- ఎప్పుడు మర్చిపోయారు

ఏడు రోజులయ్యాక ఆపేయండి. నెలల తరబడి రాస్తే ఇదీ ఒక కాపలా అయిపోతుంది.

5. ఒక్కసారిగా ఉధృతంగా వచ్చినప్పుడు

వరస ముఖ్యం. చాలామంది నేరుగా "కనిపించే 5 వస్తువులు లెక్కపెట్టు" అనే దగ్గర మొదలుపెట్టి, ఊపిరి ఇంకా పరుగులు తీస్తుండగా ఏదీ పనిచేయట్లేదని వదిలేస్తారు.

మొదట దానికి పేరు పెట్టండి. మనసులో కాదు, పైకి వినపడేలా: "ఇది డీరియలైజేషన్. ఇంతకుముందూ వచ్చింది. ఇబ్బందిగా ఉంది, కానీ నాకేమీ చేయదు." ఈ వాక్యం మీ మాటల్లో ముందే ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి, ఆ సమయానికి మాటలు తట్టవు.

తర్వాత ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, నోటితో ఆరు అంకెలు బయటికి. బయటికి వదిలేదే ఎక్కువసేపు ఉండాలి. రెండు మూడు నిమిషాలు చాలు. పెద్ద పెద్దగా పీల్చకండి, నెమ్మదిగా, మామూలు లోతులోనే.

ఆ తర్వాత స్పర్శ. పాదాలు నేలకి గట్టిగా ఆనించండి, మడమలు నొక్కండి. చల్లటి నీళ్లతో మణికట్లు, ముఖం తడపండి. గరుకుగా ఉండే వస్తువు ఒకటి, తాళం చెవి అయినా సరే, వేళ్లతో తడమండి.

ఇప్పుడు కళ్లు. కనిపించే ఐదు, తాకగలిగే నాలుగు, వినిపించే మూడు, వాసన రెండు, రుచి ఒకటి అనే లెక్క చాలామందికి పనిచేస్తుంది. నాకు మాత్రం ఒకే వస్తువుని పట్టుకోవడం బాగా పనిచేసింది. తాళం చెవి చూడండి: పళ్లు ఎన్ని? ఏ పన్ను అరిగింది? రింగు దగ్గర రంగు పోయిందా, కింద ఇత్తడి కనిపిస్తోందా? పళ్ల మధ్య మురికి ఏ వైపు ఎక్కువ ఉంది? ఇల్లు ఎంత నిజంగా ఉందో తేల్చుకోవడానికి కాదు ఇది, ఆ తాళం చెవిని చూడటానికి మాత్రమే. దృష్టి లోపలి నుంచి బయటికి మళ్లితే దాని పని అయిపోయింది.

చివరిగా, వదిలేసిన పనికి తిరిగి వెళ్లండి. అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. గిన్నెలు కడుగుతుంటే వచ్చిందా, మళ్లీ గిన్నెల దగ్గరికే. తగ్గిందా లేదా అని కొలవకండి. 8 ఉన్నది 7 అయినా వెళ్లండి, 8గానే ఉన్నా వెళ్లండి.

బండి నడుపుతుండగా ఉధృతంగా వస్తే మాత్రం ఈ మాట వర్తించదు. సురక్షితమైన చోట పక్కకి ఆపి, తగ్గాకే కదలండి.

6. చెక్ చేసుకోవడం మానడం (అసలు పని ఇక్కడుంది)

"తలుపు" అనే మాట యాభైసార్లు వరసగా పైకి అనండి. తలుపు, తలుపు, తలుపు. ఇరవై దాటేసరికి అర్థం ఊడిపోయి ఉత్త శబ్దం మిగులుతుంది. మీ మెదడు చెడిపోలేదు, ఏ మాటని అలా పట్టుకున్నా అంతే. ముఖం కూడా అంతే. మసక వెలుతురులో అద్దంలోకి కదలకుండా చూస్తూ ఉంటే, ఏ సమస్యా లేనివాళ్లకి కూడా కొద్ది నిమిషాల్లో ముఖం మారిపోయి ఎవరిదోలా కనిపిస్తుంది.

నేను రోజూ పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకుని అద్దం ముందు నిలబడి నా కళ్లలోకి నేనే చూసేవాణ్ణి, ఇవాళ నేను నేనుగా ఉన్నానా అని. మొదటి పది సెకన్లు బాగానే ఉండేది. నమ్మకం చాలక ఇంకాసేపు చూసేవాణ్ణి. నురగ గడ్డం మీదికి కారుతుండేది, ఎదురుగా ఉన్నవాడు ఎవడో తెలిసేది కాదు. ఇక ఆ రోజంతా పోయినట్టే. ఏ మనిషి అయినా ఓడిపోయే పరీక్షని రోజూ రాసి, ఓడిపోయానని ఏడ్చాను అన్నమాట.

మీరు చేస్తున్న చెక్‌లు ఏవో గుర్తించండి:

- అద్దం, చేతులు, అరచేతులు తదేకంగా చూసుకోవడం
- గొంతు ఎలా వినిపిస్తోందో వినడానికి మాట్లాడటం
- పాత ఫోటోలు చూసి అప్పటిలా అనిపిస్తోందా అని పోల్చుకోవడం
- లక్షణాల గురించి గంటలు గంటలు నెట్‌లో వెతకడం
- "నేను మామూలుగానే ఉన్నానా?" అని ఇంట్లోవాళ్లని పదే పదే అడగడం
- నిద్ర లేవగానే కళ్లు తెరవకముందే "ఉందా, పోయిందా" అని చూసుకోవడం
- ఉనికి అంటే ఏంటి, నేనంటే ఎవరు అని తెగని ఆలోచనలో పడటం

అన్నీ ఒకేసారి ఆపలేరు, ప్రయత్నించకండి. ఒకటి ఎంచుకోండి. మొదటి వారం దాన్ని పది నిమిషాలు వాయిదా వేయండి. చూసుకోవాలనిపించింది, పది నిమిషాలాగి చూసుకుంటాను అనుకోండి. సగంసార్లు మర్చిపోతారు. రెండో వారం అరగంట. తర్వాత రోజుకి ఒక్కసారి. అది వదిలాక రెండోది.

అద్దం పూర్తిగా మానకండి, అది భయాన్ని పెంచుతుంది. పని కోసం వాడండి: జుట్టు దువ్వాలి, దువ్వండి, కదలండి. కళ్లలోకి చూడాల్సిన అవసరం దువ్వడంలో లేదు.

తెగని ఆలోచనలకి ఒక వేళ కేటాయించండి. రోజూ సాయంత్రం పావుగంట, కుర్చీలో కూర్చుని, పడుకునే ముందు మాత్రం వద్దు. మధ్యాహ్నం "అసలు ఇదంతా నిజమేనా" అని మొదలైతే ఆ ప్రశ్నకి జవాబు వెతకకుండా "సాయంత్రం ఆరింటికి" అని చెప్పి పక్కన పెట్టండి. ఆరింటికి చాలాసార్లు ఆ ప్రశ్నకి పదును ఉండదు.

7. మానేసిన పనులకి తిరిగి వెళ్లడం

దీనివల్ల మానేసినవి రాయండి. సూపర్ మార్కెట్‌లో ట్యూబ్‌లైట్ల వెలుగు, జనం, ప్రయాణం, ఫోన్‌లో మాట్లాడటం, ఒంటరిగా ఉండటం. ఒక్కోదానికి భయం ఎంతో 10కి వేసుకోండి. 3 ఉన్నదాంతో మొదలుపెట్టండి, 9తో కాదు.

వెళ్లాక, వింతగా అనిపించినా వెంటనే పారిపోకండి. ఉధృతి పెరిగి, ఒక స్థాయిలో ఆగి, దానంతటదే దిగుతుంది. అది దిగేదాకా ఉంటేనే మెదడుకి "ఇక్కడ ప్రమాదం లేదు" అని అందుతుంది. మధ్యలో పారిపోతే "తప్పించుకున్నాను" అని అందుతుంది. అదే పని వారంలో నాలుగైదుసార్లు చేయండి, భయం సగమయ్యాక తర్వాతిదానికి వెళ్లండి.

గతంలో జరిగిన దారుణాల వల్ల ఇది మొదలైనవాళ్లు ఆ జ్ఞాపకాలని ఈ పద్ధతిలో సొంతంగా తవ్వకండి. అది థెరపిస్ట్ పక్కన ఉండగా చేయాల్సిన పని.

8. మొద్దుబారిన మనసు

"అమ్మని చూసినా ఏమీ అనిపించట్లేదు, నేనింత రాక్షసుణ్ణి అయ్యానా" అని అడిగినవాళ్లున్నారు. కాదు. ప్రేమ లేకపోతే ఏమీ అనిపించట్లేదన్న బాధే ఉండదు కదా. ప్రేమ ఉంది, దాని చప్పుడు వినిపించట్లేదు.

ప్రేమ ఉందో లేదో పరీక్షించుకోవడం మానేసి, ప్రేమ ఉన్నవాళ్లు చేసే పనులు చేయండి. పక్కన కూర్చోండి, భుజం మీద చెయ్యి వేయండి, ఎలా ఉన్నావని అడగండి. ఏమీ అనిపించకపోయినా ఫర్వాలేదు. శరీరం కదిలే పనులు, నడక, ఈత, తోటపని, బరువులు మోయడం లాంటివి దీనికి బాగా సాయపడతాయి. భావాలు తిరిగి వచ్చేటప్పుడు మొదట సంతోషమే వస్తుందని అనుకోకండి. నాకు మొదట వచ్చింది చిరాకు, తర్వాత ఏడుపు. అది వెనక్కి వెళ్లడం కాదు, మీట లేస్తోంది.

9. నిద్ర, మత్తు, కాఫీ

క్లుప్తంగా చెప్తాను. గంజాయి పూర్తిగా మానాలి, తగ్గించడం కాదు. కొంతమందికి ఇది మొదలైంది గంజాయి వల్లే, వాళ్లలో కొందరికి ఒక్కసారి తాగినందుకే. కెటమిన్, ఎల్ఎస్‌డీ, ఎక్స్‌టసీ కూడా అంతే. రోజూ తాగే మద్యాన్ని మాత్రం హఠాత్తుగా ఆపకండి, ప్రమాదం, డాక్టర్ సాయంతో ఆపాలి. కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు. రోజూ ఒకే వేళకి లేవండి, రాత్రి ఎప్పుడు పడుకున్నా సరే.

10. చికిత్స: ఎవరి దగ్గరికి, ఏం చెప్పాలి

సైకియాట్రిస్ట్ దగ్గరికి గానీ క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి గానీ వెళ్లండి. "కళ్లు తిరుగుతున్నాయి", "నీరసం" అని చెప్తే విటమిన్లు రాసి పంపుతారు, నాకు మొదటి ఇద్దరి దగ్గర అదే జరిగింది. తప్పు సగం నాది, సరిగ్గా చెప్పలేదు. ఇలా రాసుకుని వెళ్లి చదివేయండి:

"డాక్టర్ గారూ, నాలుగు నెలలుగా నా శరీరం, నా మాటలు నావి కానట్టు అనిపిస్తోంది. చుట్టూ ఉన్నవి కలలో ఉన్నట్టున్నాయి. నిజం కాదని నేను నమ్మట్లేదు, అలా అనిపిస్తోంది అంతే. ఇది ఫలానా సంఘటన తర్వాత మొదలైంది. నిద్ర ఇంత, మత్తు పదార్థాలు ఇవి. దీనివల్ల ఈ పనులు చేయలేకపోతున్నాను. ఇది డీపర్సనలైజేషన్ అవునా కాదా చూడండి."

దీన్ని కొలవడానికి 29 ప్రశ్నల కేంబ్రిడ్జ్ డీపర్సనలైజేషన్ స్కేల్ అని ఒకటుంది, దాని గురించి అడగొచ్చు.

ప్రధాన చికిత్స మాటలతోనే. ఆలోచనలని, అలవాట్లని మార్చే సీబీటీ అనే థెరపీలో పైన 6, 7లో చెప్పిన పనులే మీకు తగ్గట్టు కూర్చి చేయిస్తారు. గతంలోని గాయం దీనికి మూలమైతే దాని మీద విడిగా పని చేస్తారు.

మందుల గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ప్రత్యేకంగా ఈ సమస్య కోసం ఆమోదం పొందిన మందు లేదు. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో డిప్రెషన్‌కి వాడే ఫ్లూఆక్సెటిన్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. అయినా దీనితోపాటు డిప్రెషన్, ఆందోళన ఉంటే వాటికి ఎస్ఎస్ఆర్ఐ మందులు (ఫ్లూఆక్సెటిన్ కూడా ఆ రకమే) ఇస్తారు, అవి తగ్గితే ఇదీ తేలికవుతుంది. కొందరు డాక్టర్లు వాటికి మూర్ఛకి వాడే లామోట్రిజిన్ కలుపుతారు, ఫలితం అందరిలో ఒకేలా ఉండదు. అది వాడుతుండగా ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. నిద్రమాత్రలు, క్లోనజెపామ్ లాంటివి అలవాటైపోతాయి, తెలిసినవాళ్లు ఇచ్చారని వేసుకోకండి. ఏ మందైనా హఠాత్తుగా ఆపకండి, ఆపడం వల్లే ఈ అనుభూతి వచ్చే అవకాశం ఉంది.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*ఐదు-నాలుగు-మూడు లెక్క రోజుకి ముప్పైసార్లు చేయడం.* ఉధృతంగా వచ్చినప్పుడే వాడండి. మామూలుగా ఉన్నప్పుడు కూడా చేస్తుంటే అది మారువేషంలో ఉన్న చెక్.

*ధ్యానం మొదలుపెట్టి ఇంకా పెరిగిందని హడలిపోవడం.* కళ్లు మూసుకుని లోపలికి చూసే ధ్యానం కొందరికి పడదు, మొదట్లో ముఖ్యంగా. కళ్లు తెరిచి నడుస్తూ, చుట్టూ ఉన్న శబ్దాల మీద దృష్టి పెట్టండి. అదీ ఇబ్బందైతే మానేయండి, తప్పేమీ లేదు.

*మూడు రోజులు చేసి వదిలేయడం.* చెక్‌లు తగ్గించడం మొదలుపెట్టిన మొదటి వారం ఆందోళన కాస్త పెరుగుతుంది. కాపలావాణ్ణి తీసేశాం కదా. కనీసం నాలుగు వారాలు ఇవ్వండి.

*ఇదే సమస్య ఉన్నవాళ్ల భయంకరమైన కథలు రాత్రిళ్లు చదవడం.* తగ్గినవాళ్లు తమ పనుల్లో పడిపోతారు, రాయరు. మీకు కనిపించేది తగ్గనివాళ్లే.

12. ఇంట్లో ఎవరికైనా ఇది ఉంటే

"అంతా నీ ఊహ" అనకండి. "నిజంగానే ఉన్నావు, చూడు" అని రోజుకి ఇరవైసార్లు భరోసా కూడా ఇవ్వకండి, అది ఇంకో చెక్ అవుతుంది. ఒకసారి స్పష్టంగా చెప్పండి: "నీకు చాలా ఇబ్బందిగా ఉందని తెలుసు, నీకేమీ కాదు, నేనున్నాను." ఆ తర్వాత చేస్తున్న పనిలోకి పిలవండి. బట్టలు మడతపెట్టడానికో, బజారుకి తోడు రావడానికో.

13. తగ్గుతోందని ఎలా తెలుస్తుంది

10కి 7 ఉన్నది ఒకరోజు 0 అవదు. ముందు భయం తగ్గుతుంది, అనుభూతి అలాగే ఉంటుంది. "ఉంటే ఉందిలే" అనే మాట మీ నోటి నుంచి వస్తుంది. తర్వాత మర్చిపోయిన పావుగంటలు గంటలవుతాయి. ఆ తర్వాత రంగులు, వాసనలు, పాట విన్నప్పుడు ఒళ్లు జలదరించడం లాంటివి అక్కడక్కడా వచ్చి పోతుంటాయి. వచ్చినప్పుడు పట్టుకుని పరీక్షించకండి.

జ్వరం, నిద్రలేమి, పరీక్షలు, గొడవలు వచ్చినప్పుడు మళ్లీ పెరుగుతుంది. అప్పుడు మొదటికొచ్చిందని కూలబడిపోకుండా ఇంతే చేయండి:

- మూడు రోజులు నిద్ర, భోజనం వేళలు సరిచేసుకోండి
- కొత్తగా ఏ చెక్ మొదలైందో చూడండి, ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది, దాన్ని మళ్లీ పది నిమిషాల వాయిదాలో పెట్టండి
- ఆ వారం అనుకున్న పనుల్లో దేన్నీ రద్దు చేయకండి, కావాలంటే చిన్నవి చేయండి
- రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి

నాకు ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, రెండు రాత్రులు వరసగా నిద్ర చెడితే, పొద్దున వీధి కాస్త పల్చగా కనిపిస్తుంది. బ్రష్ చేసుకుని, నోరు పుక్కిలించి, అద్దంలో నా కళ్లలోకి చూసుకోకుండా పనికి వెళ్లిపోతాను. సాయంత్రం ఎప్పుడు పోయిందో గుర్తుండదు.